దడి ఎంతవరకు?



మన జాగాలో మనం దడి కట్టుకుంటే అందులో మంచిచెడుల మాట ఏముంది అనిపిస్తుంది. పశువులు రాకుండా, పిల్లలు రోడ్డు మీదికి పోకుండా కంచె కావలసిందే. కానీ ఒంటరిగా బతికే మనిషికి ధమ్మంతో పనిలేదనీ, ఇద్దరున్నచోట అది తప్పదనీ బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో వివరించారు. దడికి రెండు వైపులా మనుషులుంటారు కదా!

చట్టం కూడా రెండో వైపును మరిచిపోలేదు. గోడ మన హద్దులోనే ఉండాలి, పంచాయతీ బాట మీదికి రాకూడదు. ఎవరూ అడ్డుచెప్పకుండా 20 ఏళ్లు హక్కుగా నడిచిన దారిని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కాపాడుతుంది. అందరూ నడిచే దారిలో దళితుల్ని నడవనివ్వకపోతే అట్రాసిటీ చట్టం కింద నేరం.

అయినా మదురై జిల్లా ఉత్తపురంలో 1989లో దళితులకు అడ్డంగా గోడ లేచింది. దానిలో కొంత భాగం కూల్చి దారి తెరవడానికి 2008 మే 6 దాకా పట్టింది. మేట్టుపాళయం దగ్గర నడూరులో 2019 డిసెంబర్ 2 తెల్లవారుజామున ఒక ఇంటి ఎత్తయిన ప్రహరీ వానకు నాని, పక్కనున్న దళితుల ఇళ్ల మీద కూలింది. 17 మంది చనిపోయారు. గోడ లేపినవాడి బాధ్యత మేస్త్రీకి కూలి ఇవ్వడంతో తీరిపోదు.

ఇవి వాళ్ల గోడలు. మరి మనవి? కాలనీలో స్థలం రాగానే సందులోకి జానెడు జరిపి కంచె నాటుతున్నామా? ఇవ్వనిది తీసుకోనని రెండో శీలం పట్టిన మనకు ఆ జానెడు ఎవరిచ్చారు? మన వాననీళ్లు పక్కింటి గుమ్మంలోకి మళ్లుతున్నాయా? మాల వీధికీ మాదిగ వీధికీ నడుమ తుమ్మకంప అడ్డం పెట్టి, ఊరివాళ్ల గోడను తప్పుపడితే ఆ మాటకు విలువెక్కడిది?

కాపాడుకునే కంచె వేరు, వెలివేసే కంచె వేరు. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. రేపు అదే కంచె మనకు అవతల ఎవరో కడితే ఒప్పుకుంటామా అని అడిగి చూడండి. హద్దురాయి వేసే రోజు పక్కింటివాళ్లను పిలవండి, టేపు ఒక కొస వాళ్ల చేతికివ్వండి. మురుగుకు తోవ వదలండి. పగులు కనిపిస్తే వానాకాలం రాకముందే బాగుచేయించండి. పంచశీల చదివిన ఇల్లని ఊరు గుర్తుపట్టేది ఇలాంటిచోటే.