మొర్రి లేని పెదవి

చీలిన పై పెదవిని తెలుగులో గ్రహణం మొర్రి అంటాం. భయం ఏకంగా భాషలోకే ఎక్కి కూర్చుంది. నా పెదవికి మొర్రి లేదు. మా ఇంట్లో అదొక సాక్ష్యం.

1980 ఫిబ్రవరి 16, శనివారం, మాఘ అమావాస్య. శివరాత్రి అప్పుడే వెళ్లింది, కురవి వీరభద్రస్వామి జాతర సందడి ఇంకా తగ్గలేదు. పొద్దు నాలుగు కావస్తుండగా, కర్ణాటక తీరం నుంచి ఒడిశా వైపు సాగుతున్న చంద్రుడి నీడ మా ఊరి మీదుగా పోయింది. జపాల్-రంగాపూర్‌లోని ఉస్మానియా వేధశాల దగ్గర శాస్త్రవేత్తలు పరికరాలు సర్దుకుని ఆ నీడ కోసమే ఎదురుచూశారు. కురవిలో మూడు కళ్ల దేవుడికి కూడా తలుపులు మూసేశారట. నేనప్పుడు అమ్మ కడుపులో ఆరు నెలల పిండాన్ని. నాయనమ్మ అమ్మను చీకటి గదిలో చాప మీద పడుకోబెట్టి, "కదలకు బిడ్డా" అని చెప్పి, తను గడప దగ్గర కూర్చుంది. నేను పుట్టాక నా పెదవి చూసి "నేనే కాపాడిన" అన్నదట.

పై పెదవి అతుక్కోవడం రెండో నెల దాటేసరికే అయిపోతుంది. ఆ రోజు కాపాడటానికి అక్కడ ఏమీ మిగల్లేదు. కానీ ఈ నమ్మకానికి ఓడిపోయే దారే లేదు. మొర్రి వస్తే జాగ్రత్త చాలలేదు, రాకపోతే జాగ్రత్త ఫలించింది.

ఒకే చోటికి సంపూర్ణ సూర్యగ్రహణం మళ్లీ రావాలంటే సగటున సుమారు 375 ఏళ్లు పడుతుందంటారు. అమ్మ గడప దాటితే చాలు, సుమారు రెండు నిమిషాల పాటు చూసి ఉండేది. అది తెలిసిన నాటి నుంచి నాయనమ్మ మీద నాకు కోపమే.

2024 ఏప్రిల్ 8న డల్లాస్‌లో ఉన్నాం. అమ్మ చెల్లి పురిటి కోసం వచ్చింది. చెల్లికి ఏడో నెల. పొద్దున్నుంచీ మబ్బులు. నేను అందరికీ గ్రహణం అద్దాలు తెచ్చాను, అమ్మకు చెప్పాల్సిన సైన్సంతా సిద్ధం చేసుకున్నాను. చెల్లి నన్ను కాదు, అమ్మను అడిగింది: "బయటికి రావాల్నా, వద్దా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "నీ ఇష్టం బిడ్డా" అంది చివరికి. చేతులు వణుకుతున్నాయి. నా దగ్గరున్న వాదనల్లో ఒక్కటీ ఆ చేతులకు పనికొచ్చేది కాదు. చెల్లి వెనకాలే వచ్చి, తన చీర కొంగు చెల్లి పొట్ట మీద కప్పింది.

మబ్బులు విడిచాయి. 1:40కి వెలుగు ఒక్కసారిగా పోయింది. అద్దాలు తీయమన్నాను. సూర్యుడున్న చోట నల్లటి గుండ్రం, చుట్టూ తెల్లటి జడలు, కింది అంచున ఎర్రటి చుక్క. పట్టపగలు శుక్రుడు. దాదాపు నాలుగు నిమిషాలు. మళ్లీ వెలుగు చిమ్మగానే అద్దాలు పెట్టుకున్నాం.

నాయనమ్మ భయం పూర్తిగా అబద్ధం కాదు. సన్నటి అంచు మిగిలి ఉన్నా సూర్యుడు కంటిని కాల్చేస్తాడు. కానీ భయం పొద్దంతా తలుపు మూసి ఉంచుతుంది. ఎప్పుడు తెరవొచ్చో దానికి తెలియదు. తెలుసుకుంటేనే తెలుస్తుంది.

అమ్మ కళ్లు తుడుచుకుంటూ అంది: "మా అత్త గూడ సూడలే గదరా."

అన్నేళ్లూ నేను నష్టపోయింది అమ్మ ఒక్కతే అనుకున్నాను. గడప దగ్గర కాపలా కూర్చున్న మనిషి కూడా వాకిట్లోకి తల ఎత్తలేదు. ప్రేమతో చేసింది కాబట్టి ఆమెను క్షమించగలను. ఆమెకు చెప్పేవాళ్లు లేరు. మనకున్నారు. ప్రేమ ఉన్నంత మాత్రాన నిజం కనుక్కోవాల్సిన బాధ్యత తీరిపోదు.

జూన్‌లో చెల్లికి కొడుకు పుట్టాడు. ఒక్క పెదవితో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా నర్సు బట్ట తొలగించగానే అమ్మ ముందు చూసింది వాడి పెదవినే.

నేనూ అదే చూశాను.