తలుపు లేని ప్రాణి



చింతపల్లి తీరమున రాళ్లకు అంటుకొనియుండు ఆల్చిప్పను మీరెరుగుదురు. అది కదలలేదు. అయినను పోటు తీసినప్పుడు చిప్ప మూసికొని లోపలి తడిని కాపాడుకొనును.

సీతంపేట కొండలలో చెట్ల బెరడుపై బూడిదరంగు పొరవలె పెరుగు ప్రాణి మరియొకటి. ఆ జాతిలో కొన్నిటిని అంగడిలో రాతిపువ్వని అమ్ముదురు. అది మొక్క కాదు. బూజును నాచును కలిసి చేయు కాపురము. దీనిని 1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ వెల్లడించెను. ఇదియు కదలలేదు, పైగా దీనికి మూసికొను తలుపు లేదు. తేమనైనను పొగనైనను ఒక్కరీతిగా పీల్చుకొనును. కెనడా అడవులలోని దీని బంధువు, ఎరియోడెర్మా పెడిసెల్లేటమ్, చెట్లు నరుకుటచేతను గాలి చెడుటచేతను క్షీణించి, 2003లో నశింపనున్న జాతుల ప్రపంచ పట్టికలో చేరెను.

ఈ రెంటిలో ఏది గొప్పదని అడుగుట తగదు. ఏది మన చేతిలో ఎక్కువగా చిక్కియున్నదని అడుగవలెను. పారిపోలేనిదానికి, తలుపైనను లేనిదానికి, మన నిగ్రహమే తలుపు. నరుని తోటలో ఉంచినది దానిని కాచుటకు కూడ అని ఆదికాండము 2:15 తెలుపుచున్నది.

మందిరపు చింతచెట్టు మొదట నేనే యేటేట ఆకులు తగులబెట్టించితిని. బెరడుపై పొర మాడిపోవుట చూచియు ఊరకుంటిని. ఈ యేడు ఆకులను గోతిలో పూడ్పించితిని.

మీ చెట్ల బెరడును ఒకసారి చూడుడి.