ప్రమాదమా, వ్యాధియా?

భీవండి పవర్‌లూము కార్ఖానాలలో తెలంగాణమునుండి వలసవచ్చిన నేతగాండ్రు పోగు తెగినచో సాంచాను తిట్టరు. ఆపి, ముడివేసి, మరల నడుపుదురు. లెక్క సగములో విడుచువానిని, తాళపుచెవులు పోగొట్టుకొనువానిని, ఎదుటివాని మాట ముగియకమునుపే అడ్డుపడువానిని, వాయిదా దినము మరచువానిని మాత్రము లోకము సోమరి యనును.

ఈ గుణములు బాల్యమునుండి ఇంటను, దుకాణమునను వెన్నంటి బ్రతుకునకు అడ్డగుచున్నచో, అది ఏ.డి.హెచ్.డి. యను అవధానలోపము కావచ్చును. కొన్ని లక్షణములు 12 ఏండ్లలోపే కనబడియుండవలెనని 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల గ్రంథము డి.ఎస్.ఎం.-5 చెప్పుచున్నది. నిద్రలేమియు, దిగులును ఇట్టి లక్షణములనే చూపును గాన నిర్ణయము వైద్యునిదే.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున ప్రమాదమును, అనగా ఏమరుపాటును, కర్మబంధ హేతువులలో చేర్చెను. కాని ఏమరకుండ నిత్యము పెనుగులాడియు పొరబడువాడు ప్రమత్తుడా? తెలిసియు చికిత్స మానుట ప్రమాదము. విచారింపక నిందించుట అంతకన్న పెద్ద ప్రమాదము.