కొట్టకపోయినా నడిచే బండి

మా బండి మీద క్లీనరుగా చేరిన కుర్రాడు ఒకరోజు గ్రీజు గన్ను పట్టుకుని అడిగాడు: "బాబాయ్, పోయిన వారం గ్రీజు కొట్టాం, బండి నడిచింది. అంతకుముందు వారం కొట్టలేదు, అప్పుడూ నడిచింది. మరి కొడితే ఏమొచ్చినట్టు?"

నేను భాషాప్రవీణ చదివి, పంతులు ఉద్యోగం దొరక్క మేనమామ లారీ ఎక్కినవాణ్ణి. వాడి మాట వినగానే నాకు మీమాంస పాఠం గుర్తొచ్చింది. వాన కావాలంటే కారీరీష్టి, కొడుకు కావాలంటే పుత్రకామేష్టి. ఇవి కామ్యకర్మలు. కావలసినవాడు చేస్తాడు, అక్కర్లేనివాడు ఊరుకుంటాడు. సంధ్యావందనం అలాంటిది కాదు, అది నిత్యం. చేస్తే ఇదిగో ఈ ఫలం వస్తుందని చేతిలో పెట్టేదేమీ లేదు, మానితే మాత్రం ప్రత్యవాయం, అంటే పాపం. ఇదెక్కడి న్యాయం అని అడిగినవాళ్లు అప్పుడూ ఉన్నారు. మా కుర్రాడు అడిగిందీ అదే.

మాది టాటా 1613. ఇంజను 697, అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోదాని బోరు 97 మిల్లీమీటర్లు. టాటా వారి టెల్కో కంపెనీ వాళ్లు 1954లో జెంషెడ్‌పూర్‌లో జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టినప్పటి వంశం. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. ఎక్కడ ఏం జరుగుతోందో కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది, చేతికి తగులుతుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలి. కానీ ఏడాదికోసారి పెట్టే పరీక్ష బండిని కాపాడదు. దాన్ని కాపాడేది రోజువారీ పనులే. పొద్దున్నే ఆయిలు గేజీ చూడటం, ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదలడం, డీజిల్ ఫిల్టరు అడుగున దిగిన నీళ్లు తీయడం, బ్రేకు చూసుకోవడం, షాకిల్ పిన్నులకీ జాయింటు క్రాసుకీ కింగ్‌పిన్నుకీ గ్రీజు పట్టించడం. వీటిలో ఏ ఒక్కటి చేసినా బండి నిన్నటి కంటే బాగా నడవదు. నిన్నటిలాగే నడుస్తుంది.

కింగ్‌పిన్నుకి గ్రీజు ఎలా కొట్టాలో ఆ కుర్రాడికి చూపించాను. ముందు నిపుల్ మీది మట్టిని గుడ్డతో తుడవాలి. లేకపోతే గ్రీజుతో పాటు మట్టినీ మనమే లోపలికి తోసినవాళ్లమవుతాం. తరవాత ముందువైపు యాక్సిల్‌ని జాకీ మీద లేపాలి. బరువంతా చక్రం మీద ఉంటే అడుగు బేరింగు బిగుసుకుపోయి, గ్రీజు చేరాల్సిన చోటికి చేరదు. చక్రం గాలిలో ఉండగానే పైనొక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి అటూ ఇటూ ఊపి చూడాలి. ఆట తగిలితే ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టాలి. అప్పుడు ఆట ఆగిపోతే తప్పు చక్రం బేరింగులో ఉన్నట్టు, ఆగకపోతే కింగ్‌పిన్ బుష్షులో ఉన్నట్టు. ఇక గన్ను తగిలించి కొడితే సందులోంచి మొదట నల్లటి ముద్ద వస్తుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది, అంతా ఇసుక. ఇంకాస్త కొడితే గోధుమరంగు, ఆ తరవాత డబ్బాలో ఉన్న రంగే బయటికొస్తుంది. అప్పుడు ఆపాలి.

ఆ నల్లముద్ద వేలికి రాసుకుని చూస్తే శంకరాచార్యులవారి వాదం నాకు కొత్తగా తెలిసొచ్చింది. తైత్తిరీయోపనిషత్తు భాష్యంలో ఆయన వేసిన ఆక్షేపణ ఇది: కర్మ చేయకపోవడం అంటే అభావం. లేనిదానిలోంచి ఉన్నది ఎలా పుడుతుంది? పాపమనే భావవస్తువుని 'చేయకపోవడం' ఎలా కంటుంది? అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కపెట్టిన మన తెలుగువాడు అన్నంభట్టు దీనికి ఏమనేవాడోగాని, లారీ కింద పడుకుని చూస్తే శంకరులదే నిజం. గ్రీజు లేకపోవడం బుష్షుని తినదు. తినేది ఇసుక, వాననీరు, పదహారు టన్నుల బండి బరువు. అవి మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి. మనం మానేసినప్పుడు కొత్తగా ఏమీ పుట్టదు, అప్పటికే పోగుపడినవి పని మొదలుపెడతాయి. శంకరులూ అలాగే అన్నారు: నిత్యకర్మ మానడం పాపానికి కారణం కాదు, ముందే కూడబెట్టుకున్న పాపానికి గుర్తు.

మీమాంసకుల్లో భాట్టులు నిత్యకర్మకి ఒక ఫలం ఒప్పుకున్నారు: పోగైన దురితం, అంటే పాపం, క్షయం కావడం. రోజూ సంకల్పంలో చెప్పుకునేది అదే. సందులోంచి గరగరలాడుతూ బయటికొచ్చే ముద్దని చూసినవాడికి ఆ ఫలం కనబడుతుంది. కుర్రాడికి నేను చూపించిన జవాబు అదే, వాడికది చాలింది.

నాకు మాత్రం చాలలేదు. ఎందుకంటే రాత్రి పదింటికి లోడు దించి, ఒళ్లంతా పచ్చిపుండుగా ఉన్నప్పుడు ఫలం లెక్క ఎప్పుడూ ఓడిపోతుంది. ఈ ఒక్కరోజు బ్రేకు చూడకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. నిజంగానే కాదు. రేపూ అదే ప్రశ్న, అదే జవాబు, అదీ నిజమే. ఏ ఒక్క రోజుని విడిగా తీసి తూచినా ఆ రోజు మానడం నిర్దోషమే. ఇన్ని నిర్దోషపు రోజులు కలిశాక ఒకనాడు బ్రేకు బూస్టరు రాడ్డు చివరిదాకా వచ్చినా లైనరు డ్రమ్ముకి ఆనదు. ఇక్కడ నన్ను నిలబెట్టింది మీమాంసకుడు ప్రభాకరుడు. ఆయన మాటలో నిత్యకర్మ చేయడానికి ఫలం కారణం కాదు, విధి చెప్పింది కాబట్టి చేయాలి. చదువుకునే రోజుల్లో ఇది మొండివాదమనిపించేది. ఇప్పుడు, ఆయన ఒక్కడే మనిషి అలసటని లెక్కలోకి తీసుకున్నాడనిపిస్తుంది.

శాస్త్రంతో నాకొక పేచీ కూడా ఉంది. సంధ్య మానితే ప్రత్యవాయం మానినవాడికే తగులుతుంది. నేను బ్రేకు స్లాక్ అడ్జస్టర్ బిగించడం మానితే అది తగిలేది నాకు కాదు, ముందు స్కూటరు మీద పిల్లని కూచోబెట్టుకుని వెళ్లేవాడికి. అతనికి నా పేరు తెలియదు, నేను ఏం మానానో తెలియదు. చేసినవాడికే ఫలం అన్న సూత్రం మీద కట్టిన కర్మసిద్ధాంతంలో ఆ మనిషికి ఎక్కడ చోటుందో నాకిప్పటికీ దొరకలేదు. పూర్వజన్మ కర్మ అని అతని మీదికి తోసేయడానికి నా మనసు ఒప్పుకోదు. ఆ రాత్రి స్పానరు ఉన్నది నా చేతిలో.

అన్నీ సొంతంగా చేయాలనీ నేననను. డీజిల్ పంపు సీలు విప్పకూడదు, దాన్ని బెంచి మీద పెట్టి కాలిబ్రేషన్ చేసే మనిషి వేరే ఉన్నాడు. బోరింగూ అంతే. యజ్ఞంలో యజమాని దక్షిణ ఇచ్చి ఋత్విక్కుల చేత చేయించుకోవచ్చు, ఫలం యజమానిదే. సంధ్యని మాత్రం దక్షిణ ఇచ్చి చేయించుకోలేం. రోజువారీ పనులూ అంతే. దసరాకి నేనూ బండికి పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాను, భక్తితోనే పెడతాను. కానీ అమ్మవారి ముందు నిలబడే అర్హత మిగతా రోజుల్లో సంపాదించుకోవాలనుకుంటాను.

ఇప్పటి కొత్త లారీల్లో చక్రాల బేరింగులు కొన్ని సీలు వేసే వస్తున్నాయి. వాటికి గ్రీజు పట్టించే పనే లేదు. పాతకాలపు డ్రైవర్లు కొందరు ఇది చూసి, చెయ్యి పెట్టే పని పోతే శ్రద్ధ పోతుందని బాధపడతారు. నాకు ఆ బాధ లేదు. యాగంలో వడ్లు దంచమన్న విధి పొట్టు పోవడం కోసం. వడ్ల బదులు బంగారపు గింజలు వేసే యాగంలో పొట్టే లేదు కాబట్టి దంచడం దానంతటదే రద్దవుతుందని మీమాంసకులే తేల్చారు. మట్టి దూరని బేరింగుకీ అంతే, అక్కడ విధి లేదు. ఆటో స్లాక్ అడ్జస్టర్ సంగతి వేరు. అది తనంతట తాను బిగుసుకుంటుందని కంపెనీ చెబుతుంది, మామూలుగా బిగుసుకుంటుంది కూడా. అయినా రాడ్డు ఎంత దూరం వస్తోందో మనిషి వంగి చూడాల్సిందే.