రేవులో ఆగిన పడవ: విశ్రాంతి తప్పా?



ఆదివారం పొద్దున కాసేపు ఊరికే కూర్చుంటే మీకు తప్పు చేసినట్టు అనిపిస్తుందా? పాతబస్తీలో మనవాళ్లు చాలామందికి అనిపిస్తుంది. చార్మినార్ చుట్టూ తెల్లారకముందే చీపురు పట్టేవాళ్లకు, మూటలు మోసేవాళ్లకు, పదిళ్లల్లో గిన్నెలు తోమే అక్కలకు "కూర్చుంటే పూట ఎట్ల గడుస్తది?" అన్న భయం పుట్టుకతోనే వచ్చింది. మన తాతలు వెట్టి చేశారు. వాళ్లు కూర్చుంటే సోమరితనం అన్నారు, దొర కూర్చుంటే దర్జా అన్నారు. కాబట్టి విశ్రాంతి అనేది మనకు చిన్న విషయం కాదు. అది ధమ్మం ముందు పెట్టి అడగవలసిన ప్రశ్న.

ఈ చలికాలంలో ఒకరోజు మూసీ దాటి ట్యాంక్‌బండ్ దాకా వెళ్లి చూడండి. జూలైలో వానగాలి బలంగా వీచేటప్పుడు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. చలికాలంలో గాలి నెమ్మదిస్తుంది. తెరచాప దింపి ఒడ్డున కట్టేసిన పడవను చూసి "ఇది పనికిరాని పడవ" అంటామా? అనం. గాలి కోసం ఆగిందని అంటాం.

సముద్రం మీద నడిచే ఓడలకు ఇది ఇంకా పెద్ద సంగతి. పాతకాలంలో ఓడను ఒక గాలి తీసుకుపోయేది, ఇంకో గాలి తిరిగి తెచ్చేది. గాలి మారేదాకా నావికులు రేవులోనే రోజులు గడిపేవారు. నేటికీ మధ్యధరా సముద్రంలో తెరచాప పడవలనే ఇల్లు చేసుకున్నవాళ్లు చలికాలమంతా ఏదో ఒక రేవులో ఆగిపోతారు. పడవలోనే వంట, పడవలోనే నిద్ర. తొందర ఉండదు. కానీ పని ఉంటుంది. చిరిగిన చాప కుట్టాలి, తాళ్లు చూసుకోవాలి, అడుగున ఊరిన నీళ్లు తోడిపోయాలి. రేవులో ఉంది కదా అని వదిలేస్తే పడవ కట్టిన చోటే మునిగిపోతుంది.

మన నేలకు ఈ బతుకు కొత్తది కాదు. శాతవాహనుల నాణేల మీద ఓడ బొమ్మ ఉంది. కృష్ణా జిల్లా ఘంటసాల ఒకప్పుడు రేవు పట్టణం, బౌద్ధ స్తూపం వెలసిన ఊరు కూడా. అక్కడి శాసనాల్లో ఒక మహానావికుడి ప్రస్తావన ఉంది. అంటే ఓడా ధమ్మమూ ఒకే ఊళ్లో పక్కపక్కనే బతికాయి.

బుద్ధ భగవానుడు కూడా ఆగమన్నాడు. వానాకాలంలో భిక్కులు తిరుగుతుంటే పచ్చని మొలకలు, చిన్న ప్రాణులు కాళ్లకింద నలుగుతున్నాయని జనం అన్నారు. అప్పుడే మూడు నెలల వర్షావాసం ఏర్పడింది. నడక ఆగింది, సాధన ఆగలేదు. చివర్లో పవారణ చేసేవారు. "నాలో తప్పు కనిపిస్తే చెప్పండి" అని ప్రతి భిక్కూ సంఘాన్ని అడిగేవాడు. అది కూడా పడవలో చిల్లు వెతకడమే. ధమ్మపదంలోని భిక్కువర్గంలోనూ పడవలో నీళ్లు తోడే పోలిక ఉంది. ఆ నీళ్లు మనలోని రాగద్వేషాలు.

పాళీలో 'పమాదం' అంటే ఏమరుపాటు. విశ్రాంతి వేరు, పమాదం వేరు. అలసిన ఒళ్లు నిద్రపోతే అది విశ్రాంతి. సెలవు దొరికిందని సీసా ముందు కూర్చుంటే అది పమాదం, ఐదో శీలానికి చిల్లు.

బాబాసాహెబ్ విశ్రాంతిని హక్కుగా చూశారు. మనిషి తిండితో తృప్తిపడే జంతువు కాదని, మనసు పెంచుకోవడానికి అతనికి తీరిక కావాలని, యంత్రం ఆ తీరికను అందరికీ ఇవ్వాలని 1945లో వచ్చిన తన పుస్తకంలో గాంధీవాదాన్ని విమర్శిస్తూ వాదించారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి 54 గంటల పని 48 గంటలకు తగ్గింది. మనం కూర్చునే ఆ కాస్త సమయం వెనక పోరాటం ఉంది. దాన్ని పారబోసుకుంటే ఎట్లా?

ఇంకొక్క మాట, కొంచెం నొప్పించేది. మీ ఆదివారం మీ ఇంటామెకు కూడా ఆదివారమేనా? మీరు విహారంలో ధ్యానం చేసి వచ్చేసరికి ఆమె పొయ్యి ముందే ఉంటే, ఒకే పడవలో ఒకరు పడుకున్నారు, ఒకరు నీళ్లు తోడుతున్నారు. ఒకరి చాకిరీ మీద ఇంకొకరు విశ్రాంతి తీసుకోవడం దొర పద్ధతి. మనం వదిలేసి వచ్చిన పద్ధతి అదే. పొద్దున వంటలో ఓ చెయ్యి వేయండి, ఇద్దరూ కలిసి విహారానికి రండి.

వారం సెలవు కూడా లేని అన్నదమ్ములు మనలో ఉన్నారు. వాళ్లకు "ధ్యానం చేయి" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. వాళ్ల సెలవు కోసం వాళ్ల పక్కన నిలబడాలి. అది కూడా కరుణే.

కాబట్టి ఈ ఆదివారం భయపడకుండా కూర్చోండి. కాసేపు శ్వాస గమనించండి. పిల్లల పక్కన ఒక పేజీ చదవండి. ఈ వారం కోపం ఎక్కడినుంచి ఊరిందో చూసుకోండి, కనిపించినంత తోడిపోయండి. సోమవారం పడవ తేలిగ్గా కదులుతుంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!