స్మార్ట్ ఇంట్లో పంచసూనలు

గృహస్థు ఇంట్లో తెలియకుండా ప్రాణిహింస జరిగే చోట్లు అయిదని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. చుల్లి అంటే పొయ్యి. పేషణి అంటే సన్నికల్లు, తిరగలి వంటివి. కండని అంటే రోలూ రోకలీ. ఉదకుంభం నీళ్ల బిందె. ఉపస్కరం అనే మాటకు చీపురు మొదలైన ఇంటి సామాను అని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఈ అయిదింటికీ పంచసూనలని పేరు. సూన అంటే వధ్యశాల. వంటింటిని పట్టుకుని ఇంత మాట అనడం కటువే. కానీ కట్టెలో దాగిన పురుగు పొయ్యిలో కాలుతుంది, పప్పులో పురుగు తిరగట్లో నలుగుతుంది, చీపురు వేటుకు చీమ చస్తుంది. చంపాలని ఎవరూ అనుకోరు. అయినా దోషం గృహస్థుకే అంటుతుంది. భగవద్గీత మూడో అధ్యాయంలో, తన కోసమే వండుకునేవాడు పాపాన్నే తింటాడన్న శ్లోకానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు తలచుకున్నదీ ఈ పంచసూనలనే.

ఆ అయిదు పనిముట్ల పనీ ఇప్పుడు చాలా ఇళ్లలో యంత్రాలదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకంతో గ్యాస్ పొయ్యి పల్లెల్లోకీ వెళ్లింది. పట్నాల్లో దాని పక్కన మంటే లేని ఇండక్షన్ స్టౌ చేరింది. సన్నికల్లు పని మిక్సీకి, రుబ్బురోలు పని గ్రైండర్‌కు పోయాయి. అమెరికాలో 2002లో రూంబా అనే రోబో క్లీనర్ అమ్మకానికి వచ్చాక చీపురు కూడా తనంతట తాను తిరగడం నేర్చింది. ఇప్పటి రోబో క్లీనర్లలో కొన్ని లేజర్ కిరణాలతో గదుల కొలత తీసుకుని పటం గీసుకుంటాయి. చార్జింగ్ అయిపోవస్తే తమ చోటికి తామే వెళ్లి కూచుంటాయి. ఫిల్టర్ మార్చే వేళయిందని వాటర్ ప్యూరిఫయర్ ఫోనుకు కబురు పెడుతుంది.

ఈ మార్పును చూసి నిట్టూర్చవలసిన పని లేదు. శాస్త్రం దోషాన్ని ఇంటి యజమాని పేర రాసింది గానీ, పొగలో కళ్లు మండించుకున్నదీ, పిండి రుబ్బి చేతులు కాయలు కాయించుకున్నదీ, బావి నుంచి బిందెలు మోసినదీ ఇల్లాలే. రోలూ తిరగలీ పుణ్యసాధనాలని ఇప్పుడు పొగిడేవారిలో వాటి ముందు కూచున్నవారు తక్కువ. చాకిరీ తగ్గడం ధర్మానికి విరుద్ధం కాదు.

చాకిరీ తగ్గింది. సూన తగ్గిందా? అది కంటికి కనిపించని చోటికి జరిగింది. ఇండక్షన్ స్టౌ మీద మంట లేదు. ఆ మంట రామగుండం వంటి థర్మల్ కేంద్రంలో, సింగరేణి బొగ్గులో మండుతోంది. దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో సగానికి మించి నేటికీ బొగ్గు నుంచే వస్తోంది. గనికి పోయిన అడవి, చిమ్నీ నుంచి లేచిన పొగ వంటింటి గోడకు మసి పట్టించవు గనుక లెక్కలోకి రావు. నీళ్ల బిందె సంగతీ అంతే. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం గ్లాసుడు మంచినీళ్లిచ్చే లోపు అంతకు మించిన నీటిని చాలాసార్లు పైపు గుండా బయటికి వదిలేస్తుంది. రోబో చీపురుకు కుర్చీ కాలు తెలుస్తుంది, మెట్టు అంచు తెలుస్తుంది. చీమ తెలియదు. చేత్తో ఊడ్చే మనిషి చీమల బారు కనిపిస్తే ఒక్క క్షణమైనా చెయ్యి ఆపే వీలుంది. ఆ ఆగడం కోసమే పంచసూనల మాట పుట్టిందనుకోవచ్చు.

యంత్రం చేసిన పని మనిషి ఖాతాలో పడుతుందా అన్న ప్రశ్న యూద సంప్రదాయంలోనూ ఉంది. సబ్బాతు నాడు, అంటే శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా, నిష్ఠ గలవారు స్విచ్ ముట్టరు. ముందే టైమర్ పెట్టి ఉంచితే, ఆ తర్వాత దీపం దానంతటదే వెలిగినా ఆరినా తప్పు లేదని వారిలో ఎక్కువమంది వాడుక. తలుపు తీసినా లైటు వెలగని ‘సబ్బాత్ మోడ్’ ఫ్రిజ్‌లు వీరి కోసమే తయారవుతున్నాయి. అక్కడ లెక్కంతా ఆ రోజు చేతితో చేసిన పనికి. పంచసూనల లెక్క వేరు. ఉద్దేశం లేకపోయినా, చెయ్యి ఎవరిదైనా, ఆ ఇంటి గృహస్థుకు దోషం తప్పదు. యంత్రం చేసింది కదా అన్న సాకు ఇక్కడ చెల్లదు. పైగా ‘ఉపస్కరం’ అన్న మాటలోనే ఇంటి సామానంతా ఇమిడింది, నిన్న కొన్న రోబోతో సహా.

దోషం చెప్పి ఊరుకోకుండా మనువు పరిహారమూ చెప్పాడు. రోజూ చేయవలసిన బ్రహ్మ, పితృ, దేవ, భూత, మనుష్య యజ్ఞాలే అది. పేర్లు పెద్దవి, పని చిన్నది. అగ్నిలో ఒక్క సమిధ వేసినా దేవయజ్ఞమే, ఒక్క ఋక్కు చదివినా బ్రహ్మయజ్ఞమే అని తైత్తిరీయారణ్యకం తేలిక చేసింది. తెల్లవారుజామున విష్ణు సహస్రనామం పెట్టమంటే స్మార్ట్ స్పీకర్ వెంటనే పెడుతుంది. వినడం మంచిదే, నవవిధ భక్తుల్లో శ్రవణమే మొదటిది. బ్రహ్మయజ్ఞం మాత్రం స్వాధ్యాయం, తన నోటితో తాను చదువుకోవలసినది. స్పీకర్ చదివితే స్పీకర్ చదివినట్టే.

భూతయజ్ఞమంటే కాకులకూ కుక్కలకూ పురుగులకూ అన్నం నేల మీద పెట్టడం. తెలుగు ఇళ్లలో దానికి మరో రూపం వాకిట్లోని బియ్యప్పిండి ముగ్గు. చీపురు చంపిన చీమకు పరిహారం అదే చీపురు ఊడ్చిన చోట దొరికేది. తర్వాత రాతిపిండి వచ్చింది, అపార్ట్‌మెంట్ గడప ముందు ప్లాస్టిక్ స్టిక్కర్ వచ్చింది. రోబో గది ఊడ్చే ఆ కాసేపట్లో గుప్పెడు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేసి చూడండి, మధ్యాహ్నానికల్లా చీమలు వస్తాయి.