చెప్పుకోవడం

బాధ చెప్పుకుంటే తగ్గుతుందన్న నమ్మకం శ్రీశైలం ముంపు కుటుంబాల దగ్గర నిలుస్తుందా అన్నది తేలని సందేహం. దేశ సరిహద్దు దాటలేదు గనుక వీరు శరణార్థులు కారు, నిర్వాసితులు; 1981లో జలాశయం నిండుతూ దాదాపు వంద ఊళ్లను ముంచినప్పుడు నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేల కుటుంబాలు చెదిరిపోయాయి.

చికిత్సా సంబంధం, అంటే మనసు గాయపడినవారికీ ఆదుకోవడానికి వచ్చినవారికీ మధ్య నమ్మకం మీద నిలిచే అనుబంధం, ‘చెప్పండి’ అన్న మాటతో మొదలవుతుందంటారు. కానీ ఈ కుటుంబాలు అప్పటికే చెప్పీ చెప్పీ అలసినవి. 1894 నాటి భూసేకరణ చట్టం కింద గోడ పొడవెంత, దూలాలెన్ని, బావి లోతెంత, చింతచెట్లెన్ని అని రాసుకున్న అధికారుల ముందూ, పరిహారం చాలదని ఎక్కిన కోర్టుల్లోనూ, పోయిన ప్రతిదాన్నీ లెక్కగా మార్చి చెప్పడం నేర్చుకున్నాయి. మనసు విప్పమనగానే ఇంటి పెద్ద కాగితాల సంచి తెచ్చి ముందు పెడితే అది మొండితనం కాదు. చెప్పుకోవడమంటే అతనికి అర్జీయే.

అహోబిలం పార్వేట ఉత్సవం ఇందుకు ఎదురు నడక. కనుమనాడు బయలుదేరిన జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ ఒకే పల్లకిలో ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, ‘తెలుపు’ అనే అరుగుల మీద దిగి, బ్రహ్మోత్సవాలకు జనాన్ని పిలుస్తారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి చెంచులకు బావ. వచ్చినవాడు ఏమీ అడగడు, రమ్మంటాడు. సహాయకుడి నడక ఇలా ఉండాలనిపిస్తుంది గానీ, ఈ పోలికా నిలవదు: స్వామి మళ్లీ ఏడాదికి అదే తెలుపు మీద దిగుతాడు, పథకం గడువుకు కట్టుబడిన సహాయకుడు దిగడు. వెళ్లే తేదీ మొదటిరోజే చెప్పడం నిజాయితీయే, కానీ ఊరు ఖాళీ చేయడానికి ఒకసారి తేదీ చెప్పించుకున్నవారికి మరో తేదీ ఊరటనివ్వదు. పైగా మునిగిన ఊరికి తెలుపు ఎక్కడిది?

ఎండాకాలం జలాశయం తగ్గితే నంద్యాల జిల్లాలో సంగమేశ్వరాలయం బయటపడుతుంది, దాని చుట్టూ ఒండ్రు నేల బీటలు వారి తేలుతుంది. తొలకరి తర్వాత నీళ్లు మళ్లీ కప్పేసే ఆ నేలను ఏటా చూడటం గాయాన్ని మాన్పుతుందో రేపుతుందో చెప్పడం కష్టం. అయినా అటు వెళ్లే కుటుంబం వెంట సహాయకుడు ఒకసారి నడిస్తే, ‘ఇది గడప, ఇక్కడ రోలు’ అని అవ్వ కాలి బొటనవేలితో గీసి చూపినప్పుడు అడిగినవారుండరు, రాసుకునేవారుండరు. అక్కడ ముందు నడవాల్సింది అవ్వే, రోలు ఎక్కడుండేదో ఆమెకే తెలుసు గనుక.